హోమ్ పిల్లల మార్కుల లిస్టు ఎవరి దగ్గరుంది?

(అమలాపురంలో హైస్కూలు ఉపాధ్యాయులు, హాస్టల్ వార్డెన్లు, బాలల గృహాల సిబ్బంది కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడినవారు రిటైరైన లెక్కల టీచరు, కొంతకాలం బాలల సంక్షేమ సమితి (ఆపదలో ఉన్న పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తేల్చే సమితి) సభ్యురాలు.)

అందరికీ నమస్కారమండి. మైకు వెనక బెంచీల దాకా వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. క్లాసులో ఏళ్ళ తరబడి అరిచిన గొంతే ఇది.

హోమ్‌లో, అంటే బాలల గృహంలో ఉండి చదువుకునే పిల్లలు మిగతా పిల్లలతో పోలిస్తే ఎక్కడున్నారు, ఎందుకలా ఉన్నారు అన్నది నాకిచ్చిన విషయం. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు పేపరు గుర్తు తెచ్చుకోండి. ఏ జిల్లాకి ఎంత శాతం, గురుకులాలకి ఎంత, కేజీబీవీలకి ఎంత, జడ్పీ స్కూళ్ళకి ఎంత, ప్రైవేటుకి ఎంత అని యాజమాన్యాల వారీగా వేస్తారు. మర్నాటికల్లా గడియార స్తంభం సెంటర్లో 590 దాటిన పిల్లల ఫ్లెక్సీలు వెలుస్తాయి. హోమ్ పిల్లలు అనే వరస మాత్రం ఆ లిస్టులో ఎక్కడా ఉండదు. వాళ్ళు జడ్పీ స్కూలు శాతంలో కలిసిపోతారు. పాసైనా అందులోనే, తప్పినా అందులోనే.

అసలు ఈ పిల్లలెవరో ముందు చూద్దాం. హోమ్‌లో ఉన్నారంటే అమ్మా నాన్నా లేనివాళ్ళని బయటివాళ్ళు అనుకుంటారు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దేశంలోని హోమ్‌లన్నిటినీ సర్వే చేయించి 2018లో రిపోర్టు ఇచ్చింది. 9,500 పైచిలుకు సంస్థలు, వాటిలో మూడు లక్షల డెబ్బై వేల దాకా పిల్లలు. వీళ్ళలో అనాథలు 41 వేల పైచిలుకే. తల్లో తండ్రో ఒకరే ఉన్న పిల్లలు లక్షా ఇరవై వేల మంది. మన గోదావరి జిల్లాల సంగతి మీకు నేను చెప్పాలా? అమలాపురం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళిన తల్లులున్నారు. పిల్లాడు అమ్మమ్మ దగ్గర. అమ్మమ్మ మంచాన పడితే హోమ్‌లో. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున కాపలాకి కుదిరిన కుటుంబాలు ఒక పంట ఇక్కడ, ఒక పంట అక్కడ. సముద్రం మీదకి వేటకి వెళ్ళి తిరిగిరాని తండ్రులు. 1996 నవంబరు తుపాను తర్వాత బలుసుతిప్ప, భైరవపాలెం ఎలా ఉన్నాయో మనలో చాలామందికి గుర్తే. ఆ ఏడాది తండ్రిని పోగొట్టుకున్న పిల్లలకి ఇప్పుడు పెళ్ళీడు పిల్లలున్నారు.

ఇంగ్లండ్‌లో ఈ పిల్లల లెక్క విడిగా తీస్తారు. ప్రభుత్వ సంరక్షణలో, అంటే హోమ్‌లోనో పెంపుడు కుటుంబంలోనో బంధువుల దగ్గరో, ఏడాదికి తక్కువ కాకుండా ఉన్న ప్రతి పిల్లాడి పరీక్ష మార్కుల్నీ మిగతా పిల్లల మార్కుల పక్కన పెట్టి ఏటా అచ్చేస్తారు. అక్కడ పదహారేళ్ళకి జీసీఎస్‌ఈ అని పరీక్ష ఉంటుంది, మన పదో తరగతి లాంటిది. ఎనిమిది సబ్జెక్టులు కలిపి ఒక స్కోరు కడతారు. 2019లో మిగతా పిల్లల సగటు సుమారు 45 ఉంటే, సంరక్షణలో ఉన్న పిల్లల సగటు 19. సగానికి సగం కూడా లేదు. యూనివర్సిటీ దాకా వెళ్ళేవాళ్ళు మరీ తక్కువ. సంరక్షణ నుంచి బయటికొచ్చిన పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒక్కేళ్ళ పిల్లల్లో వందకి ఆరుగురని చాలా ఏళ్ళు లెక్క తేలింది.

ఇది వినగానే ఎవరైనా ఏమంటారు? హోమ్‌లో పెడితే పిల్లలు పాడైపోతారంటారు. కాస్త ఆగండి. అదే లెక్కలో ఇంకో వరస ఉంది. ఇంట్లోనే ఉంటూ, ఇంటి పరిస్థితి బాగోలేక సోషల్ వర్కర్ వచ్చి చూసిపోయే పిల్లలుంటారు. ఆ ఏడాది వాళ్ళ సగటు కూడా 19. అంటే సంరక్షణలోకి వచ్చిన పిల్లల్ని హాయిగా పెరిగిన పిల్లలతో పోల్చి, తేడా మొత్తం హోమ్ నెత్తిన వేస్తే అది తప్పుడు లెక్క. దెబ్బలు, ఆకలి, తాగుడు, చావులు చూసి వచ్చిన పిల్లాడు గేటు దాటేటప్పటికే వెనకబడి ఉంటాడు. అక్కడ సంరక్షణలో ఉన్న పిల్లల్లో సగానికి పైగా చదువులో ప్రత్యేక సాయం అవసరమైన పిల్లలు. మామూలు పిల్లల్లో ఆరుగురికి ఒకరు.

2015లో ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ యూనివర్సిటీలవాళ్ళు ఇంకాస్త లోతుకి వెళ్ళారు. 2013లో పరీక్ష రాసిన పిల్లల సంరక్షణ రికార్డునీ, చదువు రికార్డునీ ఒకదానికొకటి జోడించి చూశారు. ఎక్కువ కాలం నిలకడగా సంరక్షణలో ఉన్న పిల్లలు, ఇంట్లోనే ఉండిపోయిన ఆ కష్టాల్లోని పిల్లలకంటే బాగా చదివారని తేలింది. నిలకడ దొరికితే సంరక్షణ పిల్లాణ్ణి కాపాడుతోంది. మరి దెబ్బ తగులుతున్నదెక్కడ?

స్కూలు మారడం దగ్గరండి. అక్కడి చివరి రెండేళ్ళలో, అంటే పద్నాలుగు నుంచి పదహారేళ్ళ మధ్య, మన తొమ్మిదీ పదీ అనుకోండి, ఒక్కసారి స్కూలు మారితే మొత్తమ్మీద అయిదు గ్రేడ్లకు పైగా తగ్గుతున్నాయి. ఎనిమిది సబ్జెక్టుల్లో అయిదింటిలో ఒక్కో మెట్టు కిందికి దిగినట్టు. పదకొండేళ్ళు దాటాక ఉండే ఇల్లు మారిన ప్రతిసారీ గ్రేడులో మూడోవంతు పోతోంది. రెంటికీ ఎంత తేడా ఉందో చూడండి. ఇల్లు మారినా పిల్లాడు తట్టుకుంటున్నాడు, ఇంటితోపాటు బడీ మారితే కుదేలైపోతున్నాడు.

నా సబ్జెక్టులోంచి ఒకటి చెప్తాను. సమితిలో ఉన్నప్పుడు పిల్లలు మా ముందుకొస్తే కేసు కాగితాలు తర్వాత చూసేదాన్ని. ముందు చిత్తు కాగితం ఇచ్చి అరా, మూడోవంతూ కలపమనేదాన్ని. ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు. తొమ్మిదో తరగతి పిల్లాడు ఏమాత్రం తడుముకోకుండా రెండు బై అయిదు అని రాసిచ్చేవాడు. పైవి రెండూ కలిపాడు, కిందవి రెండూ కలిపాడు. మొద్దు పిల్లాడు కాదండి, వాడి తర్కం వాడికుంది. భిన్నాలు చెప్పే రోజుల్లో వాడు బడిలో లేడు, అంతే. తండ్రి చెరువు మారాడో, తల్లి విమానం ఎక్కిందో. వయసుని బట్టి పై క్లాసులో వేశారు. బీజగణితం వచ్చేసరికి వాడు బల్ల కింద చూపులు చూడటం మొదలుపెట్టాడు. మనం స్టాఫ్ రూములో కూర్చుని వాడికి శ్రద్ధ లేదన్నాం.

ఇప్పుడు మన చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్‌లో టీసీ ఆలస్యమైందని పిల్లాణ్ణి చేర్చుకోకపోవడం కుదరదని స్పష్టంగా ఉంది. నాలుగో సెక్షన్ వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకుని, వెనకబడింది అందుకోడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వమంటుంది. బంగారం లాంటి సెక్షన్లు. అయితే అవి ఎనిమిదో తరగతితో సరి. ఇంగ్లండ్ లెక్కలో ఏ రెండేళ్ళలో బడి మారితే పిల్లాడు ఎక్కువ నష్టపోతున్నాడో, సరిగ్గా ఆ రెండేళ్ళకీ మన చట్టం గొడుగు లేదు. తొమ్మిదో తరగతి మధ్యలో హోమ్‌కి వచ్చిన పిల్లకి టీసీ కావాలి, ఆధార్‌లో పుట్టినతేదీ కుదరాలి, పాత స్కూలు ఆన్‌లైన్‌లో పేరు వదలాలి. పాత స్కూలు ఏ పక్క జిల్లాలోనో ఉంటుంది. అక్కడి గుమాస్తా గార్డియన్ సంతకం కావాలంటాడు. గార్డియన్ మీద పెట్టిన కేసు వల్లే ఆ పిల్ల హోమ్‌కొచ్చింది మరి! ఈ కాగితాలు తిరిగొచ్చేలోపు సమ్మేటివ్ పరీక్ష అయిపోతుంది.

మా సమితుల వంతు కూడా ఉంది. బాల న్యాయ చట్టం కింద పిల్లాణ్ణి ఇరవై నాలుగు గంటల్లోగా మా ముందు హాజరుపరచాలి. ఎక్కడ ఉంచాలో, ఎప్పుడు ఇంటికి పంపాలో, ఏ హోమ్‌కి మార్చాలో అయిదుగురం కూర్చుని తేలుస్తాం. ఆడపిల్లకో చోటు, తమ్ముడికో చోటు, వయసు దాటితే ఇంకో చోటు. ఆర్డరు ఇచ్చేటప్పుడు భద్రత చూస్తాం, బంధువుల్ని చూస్తాం, ఖాళీలు చూస్తాం. గోడ మీద క్యాలెండరు చూడటం తక్కువ. జనవరిలో ఇంటికి పంపేస్తే మార్చి పరీక్ష ఏం కాను? ప్రాణానికి ముప్పుంటే అర్ధరాత్రైనా మార్చాల్సిందే, దానికి వాదన లేదు. అలాంటిదేం లేనప్పుడు, తొమ్మిదీ పదీ చదివే పిల్లల మార్పు ఆర్డర్లు మే నెలకి పెట్టుకోవచ్చు. హోమ్ మారక తప్పకపోతే ఆటో మాట్లాడైనా పాత స్కూలుకే పంపొచ్చు. ఆటో ఖర్చు గురించి అభ్యంతరం వస్తుంది, నాకు తెలుసు. ఒక పిల్ల పదో తరగతి కంటే అది ఎక్కువ ఖర్చని ఫైలు మీద రాసి సంతకం పెట్టేవాళ్ళుంటే పెట్టమనండి.

ఇక హాజరు. ఇందాకటి ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ పరిశోధనలో, చెప్పకుండా బడి మానేసింది అయిదు శాతం పెరిగితే రెండు గ్రేడ్లకు పైగా పోతున్నాయి. మన 220 పనిదినాల్లో అయిదు శాతమంటే పదకొండు రోజులు. మన దగ్గర ఆ పదకొండు రోజులు ఎక్కడ పోతాయో మీరూ చూశారు. సంక్రాంతికి మేనమామ వచ్చి పిల్లాణ్ణి తీసుకెళ్తాడు. కనుమ అయిపోతుంది, ముక్కనుమ అయిపోతుంది, కోడిపందేల బరులు పీకేస్తారు, పిల్లాడు మాత్రం రాడు. ఎక్కడో చెరువు పట్టుబడికి వెళ్ళుంటాడు, కూలి డబ్బులొస్తున్నాయి. ఫిబ్రవరిలో తిరిగొచ్చేసరికి ప్రీఫైనల్. ఈ పండక్కి పంపేముందే ఫలానా తేదీన దింపాలని మామయ్యతో రాయించుకోండి. ఆ తేదీకి రాకపోతే మర్నాడే ఫోన్ చెయ్యండి. వారం ఆగి చేస్తే వాడు కూలికి అలవాటు పడిపోయి ఉంటాడు.

ఇప్పుడు కొందరికి కోపం రావచ్చు, అయినా చెప్తాను. గోదావరి వాళ్ళం, అన్నం పెట్టడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి నేల ఇది. ఇవాళ బడిలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. హోమ్ పిల్లాడు ఆకలితో పడుకున్నాడన్న మాట మన దగ్గర తక్కువ వింటాం. దాతలు అంతమంది. పుట్టినరోజుకి, పెళ్ళిరోజుకి, పెద్దాయన వర్ధంతికి భోజనాలు తెస్తారు. అందరూ పనులు చూసుకుని సాయంత్రం ఆరున్నరకీ ఏడింటికీ వస్తారు. అది పిల్లల స్టడీ అవర్. పుస్తకాలు మూయించి వరసలో నిలబెడతారు. ఎవరో తెలియని బాబుకి హ్యాపీ బర్త్‌డే పాడిస్తారు. కేకు కొయ్యాలి, ఫోటో దిగాలి, పెద్దవాళ్ళు నాలుగు మాటలు చెప్పాలి, బిర్యానీ వడ్డించాలి. అయ్యేసరికి తొమ్మిది. మర్నాడు స్లిప్ టెస్ట్. ఒకసారి పదో తరగతి పిల్ల ఒకర్తి చప్పట్లు కొట్టే చోట కూడా చంకలో త్రికోణమితి నోట్సు పెట్టుకునే నిలబడింది. ఫోటోలో అది కనపడుతుందని పక్కకి పెట్టించారు.

దాతల్ని తప్పుపట్టడం లేదండి. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. హోమ్ గేటు దగ్గర బోర్డు రాసి పెట్టండి: దాతలు ఆదివారం మధ్యాహ్నం రావాలి, మిగతా రోజుల్లో సాయంత్రం రాకూడదు. ఒక పూట బిర్యానీకయ్యే డబ్బుతో ఊళ్ళో డిగ్రీ అయిన అమ్మాయిని ట్యూషన్‌కి పెట్టొచ్చని కూడా దాని కిందే రాయండి. ఇంగ్లండ్‌లో లెస్టర్ యూనివర్సిటీకి చెందిన రోజ్ గ్రిఫిత్స్ అనే ఆవిడ ఒక పద్ధతి మొదలుపెట్టారు. సంరక్షణలో ఉన్న పిల్లాడి పేరు మీదే పోస్టులో పార్సిల్ వస్తుంది. అందులో కథల పుస్తకాలు, లెక్కల ఆటలు, పెన్సిళ్ళు ఉంటాయి. హోమ్ బీరువాలోకి కాదు, పిల్లాడి చేతికే. మన హోమ్‌లలో పిల్లాడికి సొంతంగా ఏముంటుంది చెప్పండి? యూనిఫాం వచ్చేది బేళ్ళ లెక్కన, పుస్తకాలు పంచేది కట్టల లెక్కన. పేరు రాసున్న పార్సిల్ పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఇవ్వడం ఏమంత ఖరీదైన పనీ కాదు.

అమ్మమ్మల మాటకొస్తాను. ఆ ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ పరిశోధనలోనే, పదహారేళ్ళకి బంధువుల దగ్గరో పెంపుడు కుటుంబంలోనో ఉన్న పిల్లల కంటే హోమ్‌లలో ఉన్నవాళ్ళకి ఆరు గ్రేడ్లకు పైగా తక్కువ వచ్చాయి. అక్కడ మరీ ఇబ్బందుల్లో ఉన్న పిల్లల్నే హోమ్‌లలో ఉంచుతారు, ఆ సంగతి కూడా కలుపుకుని చదవాలి. ఏమైనా, అమ్మమ్మ ఇంట్లో ఉండగలిగే పిల్లాణ్ణి డబ్బుల్లేక హోమ్‌లో చేర్చడం మనకి అవసరమా? మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ నెలకి 4,000 రూపాయలు. భర్త పోయిన తల్లికి, అనాథ పిల్లాణ్ణి పెంచుతున్న బంధువుకి ఇది అందుతుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. లంక గ్రామంలో ఉన్న ముసలమ్మకి ఈ సంగతి ఎవరు చెప్తారు? పడవ దాటి ఆ ఊరు వెళ్ళేది టీచరే. కాబట్టి మీరే.

ఇంగ్లండ్‌లో ఇంకో పని చేశారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. 1980ల్లో సోనియా జాక్సన్ అనే ఆవిడ ఒక ప్రశ్న లేవదీశారు. సంరక్షణ శాఖవాళ్ళు పిల్లాడి నీడ చూస్తారు, బడివాళ్ళు పాఠం చూస్తారు, మరి వాడి చదువుకి జవాబుదారీ ఎవరు అని. దానికి జవాబు చట్టంలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ప్రతి స్కూల్లో ఈ పిల్లల కోసం ఒక టీచర్ని నియమించాలి. ప్రతి స్థానిక ప్రభుత్వంలోనూ వర్చువల్ స్కూల్ హెడ్ అని ఒకరుండాలి. 2014 చట్టంతో అది తప్పనిసరి అయింది. ఆ స్కూలుకి బిల్డింగు లేదు, గంట లేదు. ఆ ప్రాంతంలో సంరక్షణలో ఉన్న పిల్లలంతా ఏ బడిలో చదువుతున్నా ఆ హెడ్మాస్టరు పిల్లలే. లిస్టు ఆయన దగ్గరుంటుంది. ఎవరు బడి మానేశారో, ఎవరు ఎందులో వెనకపడ్డారో చెప్పాల్సింది ఆయనే. పిల్లాడి పేరు మీద ఏడాదికి రెండు వేల పౌండ్లు దాటి వచ్చే నిధులూ ఆయన చేతుల్లోంచే వెళ్తాయి. ఇంత చేసినా 45కీ 19కీ మధ్య ఉన్న తేడా పోలేదు. దాన్ని దాచక్కర్లేదు. కానీ ఎక్కడ జారుతోందో వాళ్ళకి తెలుస్తోంది.

మనకీ కాగితం ఉంది. బాల న్యాయ చట్టం 2016 నియమాల్లో ఫారం 7, ప్రతి పిల్లాడికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక. అందులో చదువు కూడా ఉంది. నింపిన ఫారాలు చూశాను. చదువు దగ్గర 'బాగానే చదువుతున్నాడు' అని ఉంటుంది. పిల్లలందరికీ అదే చేతిరాత, అదే వాక్యం. ఆ గడిలో ఏ పాఠం వచ్చు, ఏది రాదు, ఏ టీచరుతో మాట్లాడారు అని రాస్తే చాలు. ఆ ఫారం స్కూలుకి రాదు, ప్రోగ్రెస్ కార్డు హోమ్ ఆఫీసు దాటి పోదు. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పెట్టడానికి జీవో ఎందుకు?

పద్దెనిమిది నిండాక జరిగేది కూడా చెప్పి ఆపేస్తాను. ఇంటర్ రెండో ఏడాది అయ్యీ అవ్వగానే పద్దెనిమిది నిండుతుంది, హోమ్ నుంచి బయటికి. బాల న్యాయ చట్టంలో 46వ సెక్షన్ కింద ఇరవై ఒకటి దాకా ఆసరా ఉంది, మిషన్ వాత్సల్యలో దానికీ నెలకి 4,000 ఉంది. దరఖాస్తు పద్దెనిమిది నిండాక మొదలెడితే డిగ్రీ అడ్మిషన్లు అయిపోతాయి. పదిహేడో ఏట మొదలెట్టండి.

వెనక నుంచి మాస్టారు చెయ్యెత్తారు. చెప్పండి మాస్టారూ... మైకు అటివ్వండి. ఆఁ, వినపడింది. "ఆరో తరగతి లెక్కే రాని పిల్లాణ్ణి పదిలో కూర్చోబెడితే మా స్కూలు శాతం పోతుంది, ఓపెన్ స్కూల్లో కట్టించెయ్యొచ్చు కదా" అంటున్నారు. చాలామంది మనసులో ఉన్న మాటే మీరు పైకన్నారు. శాతం తగ్గితే హెడ్మాస్టరుకి పైనుంచి ఎంత టెన్షనో నాకు తెలుసు. ఓపెన్ స్కూలు మంచి దారే, బడి పూర్తిగా వదిలేసిన పిల్లలకి. మీ క్లాసులో కూర్చుని ఉన్న పిల్లాణ్ణి అటు తోసేస్తే వాడికి రోజూ కనపడే టీచరూ పోతాడు, పక్క బెంచీ స్నేహితుడూ పోతాడు. పాసవడానికి వందకి 35 చాలు. 35 వస్తే ఐటీఐ ఉంది, పాలిసెట్ రాయొచ్చు.

ఆ పిల్లాడు ఇప్పుడు ఏ క్లాసు? తొమ్మిదా? అయితే ఏడాది పైనే టైముంది మాస్టారూ. వాడుండే హోమ్ వాళ్ళు కూడా వచ్చారు, అరుగో, మూడో వరసలో మేడమ్ గారు. టీ టైములో మీరిద్దరూ కలిసి కూర్చోండి, నేనూ వస్తాను. వాడు ఏ ఏడాది ఏ ఊళ్ళో చదివాడో ఒక కాగితం మీద వరసగా రాద్దాం. ఎక్కడ ఖాళీ కనపడితే అక్కణ్ణుంచి మొదలెడదాం. అయిదూ ఆరూ క్లాసుల దగ్గరే కనపడుతుందని నా అంచనా.